పళ్లెం వెనక వైపు

సోమవారం పొద్దున పింగాణీ కార్ఖానాల ఊరు లాంగ్టన్‌లోని పాత మార్కెట్టులోకి ఈనక్ మేచిన్ అడుగు పెట్టేసరికి ఒక కొయ్యపెట్టె అతని కోసం కాచుకుని ఉంది. మూత మీద సుద్దతో రాసి ఉంది: నకిలీలు. పగలగొట్టేవి.

సినిమావాళ్లు ఆ మార్కెట్టును పది రోజులకు అద్దెకు తీసుకున్నారు. పైకప్పు అద్దాలు సగం పోయాయి. వాన పడితే కింద బక్కెట్లు పెట్టాలి. అందుకని చవగ్గా వచ్చింది. సినిమా కూడా చవకదే. ఇద్దరు మోసగాళ్లు వ్యాను వేసుకుని ఊరూరా తిరుగుతూ జనానికి టోపీ వేసే కథ. నవ్వుకోవడానికి.

సామాను చూసే పిల్ల పేరు సాస్కియా. లండన్ మనిషి. కిందటి వారం ఆమె చేతుల్లోంచి డజను కప్పులు జారిపోయాయి. దాంతో మార్కెట్టు తలుపు మీద చీటీ అంటించింది: పింగాణీ పట్టుకోవడం తెలిసిన మనిషి కావాలి. దారినపోయేవాళ్లంతా ఆగి చదివి నవ్వుకున్నారు. ఆ ఊళ్లో పింగాణీ పట్టుకోవడం తెలియని మనిషి కావాలంటే వెతకాలి. ఈనక్ నవ్వలేదు. లోపలికి వెళ్లి, నలభై ఒక్క ఏళ్లు బట్టీలో సరుకు పేర్చాను అన్నాడు. పెట్టుకున్నారు.

మోకాళ్ల మీద కూచుని పెట్టెలో గడ్డి తీశాడు. పై పళ్లాన్ని రెండు అరచేతుల మధ్య పట్టి ఎత్తాడు. ముందు వైపు చూడలేదు. ఆ ఊళ్లో ఎవరూ ముందు వైపు ముందు చూడరు. బోర్లించాడు.

కార్ఖానా ముద్ర ఉంది. కిరీటం, దాని కింద యజమాని పేరు. ముద్రకు రెండు వేళ్ల దూరంలో, పళ్లెం నిలబడే అడుగు కట్టు పక్కన, ఆవగింజంత ఆకుపచ్చ చుక్క. చుక్కకు తోక.

ఆ పళ్లాన్ని గడ్డి మీద పెట్టి రెండోది తీశాడు. చుక్క, తోక. మూడోది తీశాడు. అన్నీ అయ్యేదాకా లేవలేదు. ఇరవై నాలుగు.

పూలు వేసే ఆడవాళ్లు తమ పేరు రాసుకోకూడదు. పళ్లెం ఎవరి చేతి కింద నుంచి వచ్చిందో రంగుల గది మేస్త్రీకి తెలియాలి కాబట్టి ఒక గుర్తు పెట్టుకోవచ్చు, అంతే. ఒకతె నక్షత్రం పెట్టేది. ఇంకొకతె ఇంటూ గుర్తు. తోక ఉన్న చుక్క ఐడాది. ఐడా ఈనక్ భార్య. పోయి మూడేళ్లయింది. ఆమె చేతి పళ్లెం ఇంట్లో ఒక్కటి కూడా లేదు. చేసినవాళ్లు కొనుక్కునే సరుకు కాదది. వాళ్లిద్దరూ తిన్నది బట్టీలో వంకరపోయిన పళ్లాల్లో.

అప్పుడు ముందు వైపు చూశాడు. గులాబీలు, వాటిని చుట్టుకుని నీలం రిబ్బను, అంచుకు బంగారు గీత. గీత ఎక్కడా వణకలేదు.

"బాగున్నాయి కదా?" సాస్కియా వెనక నుంచి వచ్చింది. చేతిలో కాగితాలు, నోట్లో పెన్సిలు.

"ఎక్కడివి అమ్మాయ్ ఇవి?"

"చెస్టర్‌లో ఎవరో పెద్దావిడ పోయిందిట. ఇంట్లో సామాను మొత్తం అమ్మేస్తుంటే తెచ్చాను. బాగా పాతకాలం వాటిలా ఉన్నాయి."

"యాభై ఎనిమిది."

"ఏళ్లా?"

"వెయ్యిన్నీ తొమ్మిదివందల యాభై ఎనిమిది. ఆ నీలం ఆ ఒక్క ఏడాదే వేశారు."

సాస్కియా పెన్సిలు నోట్లోంచి తీసింది. "మీకెలా తెలుసు?"

ఈనక్ పళ్లాన్ని గడ్డి మీద పెట్టాడు. మూత మీది రాతను చూపించాడు. "ఇదేంటి?"

"రేపు సీన్లో వీటిని డ్యూకు గారి భవనం నుంచి వచ్చినవని చెప్పి జనానికి అంటగడతారు. గురువారం సీన్లో మోసం బయటపడుతుంది. జనం వీటిని వాళ్ల మీదకి విసురుతారు. మీదకంటే మీదకి కాదు, గోడకి."

"అన్నీనా?"

"అన్నీ."

"విసరడానికి వేరేవి తెస్తాను."

"కుదరదండీ. రేపు కెమెరాలో పడేవే గురువారం పగలాలి. లేకపోతే చూసేవాళ్లు పట్టేస్తారు."

"వెనక చూశావా?"

"వెనకా?" ఆ పిల్ల నవ్వింది. చెడ్డ పిల్ల కాదు. "వెనక వైపు కెమెరాకి కనపడదుగా."

ఆమె వెళ్లాక ఈనక్ తడిగుడ్డతో ఒక్కొక్క పళ్లాన్నీ తుడిచాడు. తుడిచినదాన్ని మూడు వేళ్ల మీద నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో అంచు మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల సన్నని పగులు ఉంటే పళ్లెం మోగదు, టప్ మని ఊరుకుంటుంది. అలాంటిదాన్ని మూగది అంటారు. ఇరవై నాలుగూ మోగాయి.

జేబులోంచి పాత మేజోడు తీసి చుట్టి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకున్నాడు. పెట్టె దాని మీదకి ఎత్తుకుని, చేతులు వదిలేసి, మార్కెట్టు ఆ చివరకు నడిచాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి. బట్టీలోకి సరుకు అలాగే మోసేవాళ్లు.

డైరెక్టరు పియర్స్ అది చూశాడు. ముప్ఫై ఏళ్లుంటాయేమో. మెడలో ఎర్ర మఫ్లరు. "అద్భుతం. ఇది సినిమాలో పెట్టాలి. ఎవరైనా రాసుకోండి" అన్నాడు. ఎవరూ రాసుకోలేదు.

మంగళవారం జనం వచ్చారు. గుంపులో నిలబడటానికి నలభై మంది. ఎక్కువ మంది ఆడవాళ్లు, కార్ఖానాలు మూసేశాక ఇంట్లో కూచున్నవాళ్లు. కుంచె పట్టినవాళ్లు, పిడులు అతికించినవాళ్లు, బంగారం పూసినవాళ్లు. ముందు వరసలో ఫ్లోరీ బ్రిండ్లీ నిలబడింది. ఐడా పక్క బల్ల మీద ఇరవై ఆరేళ్లు పని చేసింది. నోరు ఆగదు, అప్పుడూ ఆగలేదు.

పియర్స్ మైకు పట్టుకుని చెప్పాడు. "మీరంతా ఒక చిన్న ఊరి జనం. అమాయకులు. ఇలాంటి సరుకు జన్మలో చూడలేదు. మోసగాడు వచ్చి ఇవి రెండు వందల ఏళ్ల నాటి పళ్లాలు అంటాడు. మీరు నమ్ముతారు. తోసుకుంటారు. సరేనా?"

"ఎలాంటి సరుకు చూడలేదు నాయనా?" ఫ్లోరీ అడిగింది.

"మంచి పింగాణీ."

గుంపు వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గు నవ్వేనని లాంగ్టన్ వాళ్లకు తెలుసు. పియర్స్‌కు తెలియదు.

చెక్క వేదిక మీదకు రాలండ్ పైక్ ఎక్కాడు. పెద్ద మోసగాడి వేషం అతనిది. మఖమల్ కాలరు ఉన్న కోటు, జేబులో పట్టు రుమాలు. యాభై దాటిన నటుడు, మొహం చూస్తే జనం ముందే నవ్వడానికి సిద్ధపడతారు. గొంతు విప్పాడు. డ్యూకు గారు, డ్యూకు గారి అప్పులు, డ్యూకు గారి కన్నీళ్లు. చెబుతూనే పళ్లాలు కిందకి అందించాడు. ఫ్లోరీ ఒకటి అందుకుంది. అందుకుని బోర్లించింది.

ఆమె పక్కావిడ బోర్లించింది. ఆ పక్కావిడ బోర్లించింది. రెండో వరస వాళ్లకు పళ్లాలు అందలేదు కాబట్టి మెడలు చాచి చూశారు.

"కట్. అమ్మా, పళ్లాన్ని తిప్పకండి."

రెండోసారి అందరూ తిప్పారు. మూడోసారి ఫ్లోరీ ఒక్కతే ఆపుకుంది. మిగతావాళ్లు తిప్పారు. నాలుగోసారి పియర్స్ మైకు కింద పెట్టి వేదిక దగ్గరకు వచ్చాడు.

"ఎందుకు తిప్పుతున్నారు? నాకు అర్థమయ్యేలా చెప్పండి."

"పళ్లాన్ని ఇంకేం చేస్తారు?" ఫ్లోరీ అడిగింది.

"ఆయన మాట నమ్ముతున్నారు మీరు."

"నమ్ముతున్నాం నాయనా. నమ్ముతూనే చూస్తున్నాం."

"చూడకండి."

"అలాగే."

అయిదోసారి ఎవరూ తిప్పలేదు. తిప్పకుండా ఒకావిడ వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. ఇంకొకావిడ పైకప్పు వెలుగుకు ఎత్తి పట్టి, అవతల తన వేళ్ల నీడ కనిపిస్తోందా అని చూసింది. కెమెరా పట్టినతను తల పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"మాంచెస్టర్ నుంచి జనాన్ని తెప్పిస్తాను" అన్నాడు పియర్స్. మామూలు గొంతుతోనే అన్నాడు. "నాకు కావాల్సింది మోసపోయే మనుషులు. అంత కష్టమా అది?"

"మోసపోవడం కష్టం కాదయ్యా" అంది ఫ్లోరీ. "ముప్ఫై ఏళ్లు యజమాని చేతిలో మోసపోయినవాళ్లమే అందరం. పళ్లెం విషయంలో మాత్రం మా వల్ల కాదు."

టీ కోసం ఆపారు. రాలండ్ పైక్ కప్పు పట్టుకుని ఆడవాళ్ల దగ్గరకు వచ్చాడు. వెనక ఏం వెతుకుతున్నారో తనకూ చూపించమన్నాడు. ఫ్లోరీ ముద్ర చూపించింది, కట్టు చూపించింది, చుక్క చూపించింది. "ఓహో" అని అతను తన చేతిలో కప్పు కూడా తిప్పాడు. టీ మఖమల్ కాలరు మీద పోయింది.

"ముందు తాగాలి నాయనా" అంది ఫ్లోరీ. "తర్వాత తిప్పాలి."

నలభై మందీ నవ్వారు. అందరికంటే గట్టిగా రాలండ్ నవ్వాడు.

ఈనక్ స్తంభం పక్కన నిలబడి ఓట్స్ అట్టు తింటున్నాడు. మధ్యలో చీజ్, పంది మాంసం. ఫ్లోరీ వచ్చి ఎదురుగా నిలబడింది.

"చూశావా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"నిన్న."

"నిన్నట్నించీ గొంతులో పెట్టుకుని తిరుగుతున్నావా? ఎల్లుండి ఆ డైరెక్టరు పగలగొట్టిస్తాడట వాటిని. పోయి చెప్పు వాడికి."

"ఏమని?"

"మా ఆవిడవి అని."

"ఆవిడవి కావు. కొన్నది వాళ్లు."

"ఈనక్ మేచిన్, నీ మొహానికి నోరు ఎందుకు పెట్టాడో ఆ దేవుణ్ణే అడగాలి. అట్లు తినడానికేనా?"

అతను నమిలింది మింగాడు. "ఆవిడ పేరు చెప్పి అడుక్కోను."

"బతికుండగా మటుకు చెప్పావా ఏమన్నా? ఒక్కనాడు రంగుల గది గుమ్మం దగ్గరికొచ్చి, బాగుంది ఐడా అన్నావా? అది నీ బట్టీలోకి పంపిన ప్రతి పళ్లెం నీ చేతుల్లోంచే పోయింది."

ఆమె చెప్పింది నిజం.

మధ్యాహ్నం పియర్స్ గుంపును తాడు వెనక నిలబెట్టి, పళ్లాలు అందకుండా దూరం నుంచి తీశాడు. అది ఎవరికీ నవ్వు తెప్పించలేదు. అతనికి కూడా.

బుధవారం పొద్దున వాన. ఈనక్ అయిదింటికే లేచి మూసేసిన కార్ఖానా వెనక గుట్టకు వెళ్లాడు. పనికిరాని సరుకు పారబోసిన గుట్ట అది, మూడు తరాల పెంకులు. పైపొరలో సగం మట్టిలో కూరుకున్న పళ్లాలను చేత్తో లాగి, కొట్టి చూశాడు. మోగినదాన్ని పక్కన పెట్టాడు. మూగదాన్ని పెట్టెలో పెట్టాడు. మామూలుగా చేసే పనికి తలకిందులు. రెండు గంటల్లో ముప్ఫై దొరికాయి. వాటిని పెరటి పంపు కింద కడిగి, నెత్తిన పెట్టుకుని, మైలు దూరం వానలో మోసుకొచ్చాడు. చుట్టకుదురు తడిసి నీళ్లు మెడ మీదకు కారాయి.

పియర్స్ రేపటి సీను కాగితాలు చూస్తున్నాడు. ఈనక్ పెట్టె అతని ముందు దించాడు.

"ఇవి విసిరించండి."

పియర్స్ ఒకటి తీసి చూశాడు. "ఇవి తెల్లగా ఉన్నాయే. పూలేవి?"

"సాస్కియా రంగు వేస్తుంది. దూరం నుంచి తేడా తెలియదు. ఇవి మూగవి. గోడకి కొడితే అందంగా పగులుతాయి. ఆ పూల పళ్లాలు గట్టివి. ఎముకల బూడిద కలిపినవి. వాటికి చెక్క లేస్తుంది గాని పగలవు. మీ సీను పాడవుతుంది."

నలభై ఒక్క ఏళ్లలో అతను ఒక యజమానితో అంత పొడుగు మాట్లాడలేదు. అందులో సగం అబద్ధం. ఇటుక గోడకి కొడితే ఏ పళ్లెమైనా పగులుతుంది. అబద్ధం చెప్పడం కూడా అతనికి చేతకాలేదు, చివర్లో గొంతు తగ్గింది.

"మేచిన్ గారూ" అన్నాడు పియర్స్. ఓపిగ్గానే అన్నాడు. "నాకు ఒక్కరోజు ఉంది. ఒక్క కెమెరా ఉంది. రంగులు వేయించుకుంటూ కూచోలేను. ఆ పళ్లాలకు అంత ఏముందని? ఏదో కార్ఖానాలో కుప్పలుగా చేసి పడేసినవి. ఊరూ పేరూ లేనివి. పగిలితే ఎవరికి నష్టం?"

రంగుల డబ్బాల దగ్గర సాస్కియా తలెత్తింది. బెంచీ మీద గొడుగు దులుపుకుంటున్న ఫ్లోరీ చేయి ఆగింది. పక్కనే రాలండ్ పైక్, కాలరు మీద టీ మరకకు ముఖం పౌడరు అద్దుకుంటున్నాడు. అద్దుకోవడం ఆపాడు.

ఈనక్ వంగి ఆ పెట్టె ఎత్తుకున్నాడు. దాన్ని మళ్లీ గుట్ట దాకా మోసుకుపోయి, ఉన్నచోటే పారబోశాడు. సాయంత్రం దాకా సినిమావాళ్ల కప్పులు కడిగాడు. ఒక్కటి కూడా పగలలేదు.

వెళ్లేముందు సాస్కియా దగ్గరకు వచ్చింది. "నేను చెప్పి చూశాను. వినలేదు."

"సరే."

"మీకు ఆ పళ్లాలు ఎందుకు కావాలో చెప్తే, ఇంకోసారి…"

"రేపు ఎన్నింటికి రావాలి?"

"తొమ్మిదింటికి" అంది ఆ పిల్ల.

గురువారం అతను ఎనిమిదింటికే వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. చర్చికి వేసుకునే ఆదివారం కోటు వేసుకున్నాడు. పళ్లాలు మళ్లీ తుడిచాడు. పగలబోయేవాటిని తుడవడం ఏమిటని లైట్లు పెట్టేవాడు అడిగితే, తన పని తుడవడం అన్నాడు.

గోడకు ఎదురుగా ఇరవై నలుగురు ఆడవాళ్లను వరసగా నిలబెట్టారు. వేదిక మీద రాలండ్ పైక్, చిన్న మోసగాడి వేషం వేసినతను, ఇద్దరూ పారిపోవడానికి సిద్ధంగా సంచీలు పట్టుకుని ఉన్నారు. పియర్స్ చెప్పాడు. మీకు మోసం తెలిసిపోయింది. కోపం. నేను యాక్షన్ అనగానే విసరండి. మనుషులకు తగలకూడదు. ఒక్కటే టేకు. రెండోదానికి పళ్లాలు లేవు.

"పంచండి" అన్నాడు ఈనక్ వైపు చూసి.

పంచడం అతని పనే. పెట్టెను చంక కింద పెట్టుకుని వరస మొదట్నించీ వెళ్లాడు. గడ్డిలోంచి ఒక్కొక్కటే తీసి ఇచ్చాడు. మామూలుగా ఇచ్చినట్టు ఇవ్వలేదు. బోర్లించి ఇచ్చాడు. ఇరవై నాలుగూ వెనక వైపు పైకి పెట్టి ఇచ్చాడు. ఎవరి కళ్లలోకీ చూడలేదు. ఫ్లోరీ దగ్గర చేయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత వదిలేశాడు.

ఖాళీ పెట్టెతో స్తంభం వెనకకు వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చూడాల్సిన అవసరం లేదు. పింగాణీకి ఏం జరిగిందో అతనికి చెవి చెబుతుంది. చీకటి బట్టీలో పాతిక అడుగుల దూరం నుంచి కూడా ఏ వరసలో ఏది చిట్లిందో చెప్పగలిగినవాడు.

"యాక్షన్."

పళ్లెం పగిలిన చప్పుడు కోసం కాచుకున్నాడు. రాలేదు. పైకప్పు నుంచి బక్కెట్‌లోకి నీటిబొట్టు పడింది. ఇంకో బొట్టు పడింది.

అప్పుడు మోగింది. వేలి కణుపు, పళ్లెం అంచు. సన్నగా, పొడుగ్గా. ఆ మోత తగ్గకముందే ఇంకొకటి. తర్వాత నాలుగైదు కలిసి. కాసేపటికి మార్కెట్టంతా మోగుతోంది, మూగది ఒక్కటీ లేకుండా.

ఈనక్ వెనక్కి తిరిగాడు.

ఫ్లోరీ వరసలోంచి ఒక అడుగు ముందుకు వేసింది. పళ్లాన్ని విసరలేదు. వెనక వైపు రాలండ్ పైక్ మొహానికి ఎదురుగా పట్టింది.

"డ్యూకు గారివి అన్నావు."

రాలండ్ సంచీ కింద పెట్టాడు. ఆ మాట సీనులో లేదు. అతను పియర్స్ వైపు చూడలేదు. వేషంలోంచి బయటకు రాలేదు. "అన్నానమ్మా" అన్నాడు.

"రెండు వందల ఏళ్ల నాటివి అన్నావు."

"అన్నాను."

"ఈ చుక్క చూడు. దీని తోక చూడు. ఇది ఐడా మేచిన్ చేయి. నా పక్క బల్ల. యాభై ఎనిమిదిలో వేసింది, ఆ చలికాలం రంగుల గదిలో పొయ్యి లేదు, వేళ్లు వంగేవి కావు. ఈ గీత ఎక్కడైనా వణికిందేమో చూపించు. ఏ డ్యూకు వేశాడయ్యా ఇలాంటి గీత?"

వరసలో అందరూ పళ్లాలు తిప్పారు. ఇరవై నాలుగు వెనక వైపులు వేదికకు ఎదురుగా నిలబడ్డాయి. ఇరవై నాలుగు చుక్కలు.

రాలండ్ వాటిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. మొహంలో మోసగాడి నవ్వు మెల్లిగా జారిపోయింది. టోపీ తీశాడు. పక్కన ఉన్న చిన్న మోసగాడితో అందరికీ వినపడేలా గుసగుసగా అన్నాడు.

"ఒరేయ్, ఈ ఊళ్లో వ్యాను ఆపుదామన్నది ఎవడ్రా?"

కెమెరా పట్టినతను నవ్వాడు. లైట్లవాడు నవ్వాడు. ఆడవాళ్లు నవ్వలేదు. పళ్లాలు అలాగే పట్టుకుని నిలబడ్డారు. అందుకే అది ఇంకా నవ్వు తెప్పించింది.

పియర్స్ కట్ అనడం మర్చిపోయాడు. ఎంతోసేపటికి అన్నాడు. మఫ్లరు విప్పి చేతికి చుట్టుకున్నాడు. మూడు రోజులుగా తన కళ్ల ముందు జరుగుతున్నదే తన సినిమా అని అతనికి అప్పుడు తెలిసింది. మోసగాళ్లు వ్యాను తీసుకెళ్లి ఆపకూడని ఊళ్లో ఆపారు. తనూ అదే చేశాడు.

"ఇంకోసారి చేస్తారా?" అని అడిగాడు. మైకు లేకుండా అడిగాడు.

"పగలగొట్టేది లేకపోతే ఎన్నిసార్లైనా" అంది ఫ్లోరీ.

"లేదు. అదేం లేదు. సాస్కియా, వెనక వైపు దగ్గర్నించి కావాలి నాకు. ఆ చుక్క తెర నిండా కనపడాలి."

సాయంత్రం దాకా తీశారు. కెమెరాను ఫ్లోరీ చేతికి జానెడు దూరం దాకా తోసుకొచ్చారు. కెమెరాకు తగిలించిన చిన్న టీవీలో ఆ చుక్క అరచేయంత కనిపించింది. అంత పెద్దది చేస్తే అందులో కుంచె వెంట్రుకల గీతలు కూడా కనిపించాయి. ఐడా కూడా దాన్ని అంత పెద్దగా చూసి ఉండదు. ఈనక్ చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. వంచిన మెడ నిటారుగా ఎత్తి చూశాడు.

పియర్స్ పక్కకు వచ్చాడు. "ఆ ఐడా మేచిన్ గారు… మీకు చుట్టమా?"

"నా భార్య."

"ఆవిణ్ణి రేపు రమ్మనగలరా? ఆవిడ చేత కూడా ఒక సీను…"

"రాదు."

పియర్స్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఎర్రబడ్డాడు. "నాకు తెలియదు. ముందే చెప్పి ఉంటే…"

"చెబితే?"

పియర్స్ మఫ్లరును చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. ఈనక్ మళ్లీ టీవీ వైపు తిరిగాడు.

"చివర్లో పేర్లు వేస్తాం కదా. అందులో ఆవిడ పేరు వేస్తాను" అన్నాడు పియర్స్.

"వెయ్యండి. నేను అడగలేదు. వద్దని కూడా అనను."

శుక్రవారం మధ్యాహ్నానికి మార్కెట్టులో పని అయిపోయింది. సాస్కియా పెట్టె దగ్గర నిలబడి ఉంది. పళ్లాలు గడ్డిలో సర్ది ఉన్నాయి. సర్దింది ఆమే. గడ్డి పెట్టిన తీరు చూస్తే తెలుస్తోంది. ఈనక్ అన్నీ తీసి మళ్లీ సర్దాడు.

"ఇవి మీవి. పియర్స్‌ని అడిగాను. వ్యానులో పంపమంటారా?"

"పంపక్కర్లేదు."

మూత వేశాడు. సుద్దతో రాసిన అక్షరాలు ఇంకా ఉన్నాయి. కోటు చేతిని కిందకి లాక్కుని దాంతో ఆ రాతను తుడిచాడు. ఆదివారం కోటు. సాస్కియా సుద్ద ముక్క అందించింది. అతను తీసుకోలేదు. "ప్రతి పళ్లెం కిందా రాసే ఉంది" అన్నాడు.

చుట్టకుదురు చుడుతుంటే ఫ్లోరీ వచ్చింది. "నాకొకటి ఇవ్వు."

"ఎందుకు?"

"ఆ గులాబీకి లోపలి రేకు మెలిక తిప్పడం దానికి నేర్పింది నేను. ఇవ్వు."

మళ్లీ మూత తీసి ఒకటి ఇచ్చాడు. ఆమె బోర్లించి చూసుకుని చంకలో పెట్టుకుంది. ఈనక్ పెట్టె నెత్తికెత్తుకున్నాడు. మార్కెట్టు లోంచి వీధిలోకి, వీధిలోంచి కొండ మీదకి, చేతులు వదిలేసి నడిచాడు. దుకాణాల వాళ్లు బయటికొచ్చి చూశారు. ఆ ఊళ్లో నెత్తిన సరుకు మోసిన మనిషిని చూసి చాలా ఏళ్లయింది. ఒకతను అడిగాడు, ఏంటి ఈనకూ అది అని. "ఐడా పని" అన్నాడు, నడక ఆపకుండా.

శనివారం పొద్దున వంటింట్లో ఒక పళ్లెం తీశాడు. బోర్లించి చూశాడు. మూడు వేళ్ల మీద నిలబెట్టి వేలి కణుపుతో కొట్టాడు. మోత పూర్తిగా ఆగిపోయేదాకా విన్నాడు.

బాగుంది అనాల్సింది ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట. వినాల్సిన మనిషి ఇప్పుడు లేదు. పళ్లెంతో చెప్పి ప్రయోజనం లేదు. చెప్పలేదు.

ఇన్నేళ్లూ ఇద్దరూ తిన్న వంకర పళ్లాలు రెండూ అలమరలోంచి తీసి పెరట్లోకి తీసుకెళ్లి గోడకి కొట్టాడు. అందంగా పగిలాయి. లోపలికి వచ్చి, గులాబీల మీద అట్టు వేసుకుని, కూచుని తిన్నాడు.